రెండడుగుల బల్ల మీద రేవు: కాకినాడ పోలికలతో నమూనా రైలు దృశ్యాన్ని ఎలా కట్టాలి

నమూనా రైళ్లతో రేవు దృశ్యం కట్టాలని పూనుకున్నవారికి మొదట అడ్డం వచ్చేది ఓడే. విరివిగా వాడుకలో ఉన్న హెచ్‌ఓ కొలత 1:87. అంటే అసలు వస్తువులో 87 మిల్లీమీటర్లు నమూనాలో ఒక్క మిల్లీమీటరు అవుతాయి. ఈ లెక్కన 180 మీటర్ల సరుకు ఓడ నమూనాలో రెండు మీటర్ల ఏడు సెంటీమీటర్లు ఉంటుంది. ఇంట్లో ఒక గోడ పొడవునా ఎనిమిదడుగుల బల్ల వేసుకున్నా ఓడే దాన్ని దాదాపుగా ఆక్రమిస్తుంది. చోటు చాలక ఓడను సగానికి కుదించి కట్టేవారున్నారు గానీ, పక్కన వ్యాగన్లు సరైన కొలతలో నిలబడగానే ఆ ఓడ తిరునాళ్లలో కొన్న బొమ్మలా తేలిపోతుంది.

గోదావరి డెల్టావారికి ఈ చిక్కు లేదు. కాకినాడ పాత రేవు లంగరు రేవు కాబట్టి ఓడలు గట్టుకు రావు. హోప్ ఐలాండ్ అడ్డుగా నిలిచి సముద్రపు అలలను ఆపడం వల్ల నిమ్మళంగా ఉండే అఖాతంలో, ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకుని నిలబడతాయి. బియ్యం బస్తాలు కాలువ గట్టున బార్జీలనే సరుకు పడవలకెక్కి వాటి దగ్గరకు వెళ్తాయి. ఓడలు నేరుగా గోడకు ఆనే లోతునీటి రేవు కాకినాడలో వేరే ఉంది, దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను. ఈ పాత రేవు పద్ధతిని నమ్ముకుంటే మీరు బార్జీని కడితే చాలు, ఓడను వెనక తెర మీద గీసుకోవచ్చు. కింద చెప్పేది అచ్చంగా కాకినాడ పటం కాదు, దాని పోలికలున్న ఊహారేవు. పట్టాలు మన వీలును బట్టి వేసుకుంటాం, మనుషులూ నీళ్లూ గోడలూ మాత్రం అక్కడివే ఉంటాయి.

ముందు చూసి రండి, కాలం నిర్ణయించుకోండి

పని మొదలుపెట్టే ముందు ఒక పూట జగన్నాథపురం వంతెన మీద నిలబడి కాలువను చూడండి. రేవు ఆవరణలోకి వెళ్లాలన్నా, అక్కడ ఫొటోలు తీయాలన్నా అనుమతి కావాలి. వంతెన మీది నుంచి కంటితో చూసి పుస్తకంలో రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పడవ అంచు నీటికి ఎంత ఎత్తులో ఉంది, గోడ మీద నాచు గీత ఎక్కడ ఆగింది, బస్తాలు మోసేవారు పడవకు వేసిన బల్ల చెక్క ఎక్కేటప్పుడు ఏ కాలు ముందు వేస్తున్నారు అన్నవి ఫొటోల కన్నా ఇలా రాసుకుంటేనే బాగా గుర్తుంటాయి.

తరువాత కాలాన్ని తేల్చుకోవాలి. నేను దాళ్వా పంట ఇళ్లకు చేరాక వచ్చే మే నెలను ఎంచుకున్నాను. ఆ నెలలో ఆకాశం నీలంగా కాక పాలిపోయి ఉంటుంది, రోడ్డు పక్క గడ్డి ఎండిపోతుంది, గోదాముల రేకుల మీద దుమ్ము పేరుకుంటుంది. డెల్టా పంట కాలువలను వేసవిలో కట్టేసినా రేవు కాలువలోకి సముద్రపు పోటు వస్తూనే ఉంటుంది కనుక నీళ్లకు లోటుండదు. సార్వా వానల్లో దృశ్యం కడితే అందమే కానీ, బియ్యం బస్తాలన్నీ టార్పాలిన్ల కింద దాక్కుంటాయి, హమాలీలు పని లేక షెడ్డులో కూర్చుంటారు. కాలం తేలకుండా రంగులు కొనడం డబ్బు దండగ.

కొలత, పట్టాలు

మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.3 మిల్లీమీటర్లు వస్తుంది. దుకాణంలో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం మాత్రం 16.5 మిల్లీమీటర్లే, ఎందుకంటే అది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజికి తగ్గట్టు చేసినది. దాదాపు మూడు మిల్లీమీటర్ల ఈ ఇరుకు, ఎదురుగా నిలబడి చూస్తే తెలుస్తుంది, పక్కనుంచి చూస్తే తెలియదు. అడుగుకు మూడు మిల్లీమీటర్ల కొలత పెట్టుకుంటే ఐదడుగుల ఆరంగుళాల మన గేజి కచ్చితంగా 16.5 మిల్లీమీటర్లకే వచ్చి కూర్చుంటుంది. లెక్క చూస్తే నోరూరుతుంది గానీ, అప్పుడు ఇంజన్ పెట్టె మొదలు బ్రేకువ్యాను దాకా ప్రతిదీ చేత్తో చేసుకోవాలి. మొదటిసారి కట్టేవారు హెచ్‌ఓతోనే సర్దుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఎనిమిదడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు ఉన్న బల్ల మీద చుట్టూ తిరిగే రైలు కుదరదు, రేవుకు అది అక్కర్లేదు కూడా. షంటింగుకు, అంటే వ్యాగన్లను విడదీసి వరస మార్చి కలపడానికి, పనికొచ్చే మూడు సైడింగులు (పక్క పట్టాలు) చాలు. వాటిలో ఒకటి ఐదు వ్యాగన్లు పట్టేది, మిగిలిన రెండు మూడేసి వ్యాగన్లు పట్టేవి. ఇంజన్ అటూ ఇటూ కదలడానికి ఇంజనూ మూడు వ్యాగన్లూ పట్టేంత పట్టా వదలాలి. బియ్యం మోసే బీసీఎన్ మూత వ్యాగను సుమారు 15 మీటర్లుంటుంది, అది నమూనాలో 17 సెంటీమీటర్లకు కాస్త పైన వస్తుంది. 17.12 మీటర్ల డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ 197 మిల్లీమీటర్లు అవుతుంది. బండిని ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే రెండు పాయింట్ల పొడవు కూడా కలుపుకుంటే మొత్తం రెండు మీటర్ల చిల్లరకు తేలి, 2.44 మీటర్ల బల్లలో ఇముడుతుంది. ఎనిమిది వ్యాగన్లలో ఏ ఐదింటిని ఏ వరసలో తీసుకుపోవాలో చీటీలు తీసి తేల్చుకుంటే గంటలు తెలియకుండా గడుస్తాయి.

ప్రయాణికుల రైలు ఉండి తీరాలని ఇంట్లో పిల్లలు పట్టుబడితే రైలుబస్సు పెట్టండి. కాకినాడ–కోటిపల్లి మార్గంలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు తీసేశారు, 2004లో మళ్లీ రైలు వచ్చింది. ఆ దారిన రైలుబస్సు నడిచింది. ఒక్క బండే కాబట్టి బల్ల మీద చోటు తినదు.

పట్టా ఎత్తు విషయంలో పిసినారితనం వద్దు. మీటరుకు 52 కిలోలు తూగే అసలు పట్టా ఎత్తు 156 మిల్లీమీటర్లు, నమూనాలో 1.8 మిల్లీమీటర్లు. దుకాణంలో కోడ్ 70 అనే పట్టా 1.78 మిల్లీమీటర్లుంటుంది. కోడ్ 100 పట్టా 2.54 మిల్లీమీటర్లు కావడం వల్ల సైడింగులో మోటుగా కనిపిస్తుంది. అయితే పాత వ్యాగన్ల చక్రాల అంచులు లోతుగా ఉంటే కోడ్ 70 మీద టకటకమని తగులుతాయి. అందుకని కొనేముందు ఒక ముక్క మీద నడిపి చూసుకోండి. లోహం నికెల్ సిల్వరే కావాలి. మన ఉప్పుగాలికి ఉక్కు పట్టా ఒక్క వానాకాలంలో తుప్పు పడుతుంది.

బల్ల, గోడ

అడుగున 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ వేయండి. నీటి మట్టం ఇదే. దాని మీద, ముందు భాగంలో పట్టాలు వచ్చే మేర 18 మిల్లీమీటర్ల పలక, దానిపై మరో 12 మిల్లీమీటర్ల పలక అతికిస్తే గట్టు 30 మిల్లీమీటర్ల ఎత్తు లేస్తుంది, అంటే అసలులో సుమారు రెండున్నర మీటర్లు. ప్లైవుడ్ కోసిన అంచులన్నిటికీ, అడుగు వైపుకు కూడా, రెండు పూతలు వార్నిష్ పట్టించాలి. నేను మొదటి బల్లకు పైవైపు మాత్రమే పూసి, అడుగున ఎవరు చూస్తారులే అని వదిలేశాను. ఆగస్టు వచ్చేసరికి అది అరటాకులా వంగి, మధ్య పాయింటు దగ్గర ఇంజన్ నిలిచిపోవడం మొదలైంది. మొత్తం విప్పి మళ్లీ కట్టవలసి వచ్చింది.

చూసేవారు రైలు వైపు ఉంటారు. ముందు పట్టాలు, తరువాత గట్టు గోడ, ఆ వెనక నీళ్లు, అవతల మడచెట్లు, చివర తెర. గోదామును ఎడమ మూలకు తోసి, రైలు బల్ల బయటికి పోయే కంతను దానితో కప్పేయండి. ముందు వరసలో పెద్ద గోదాము పెడితే కాలువ కనబడదు.

గట్టు గోడకు రెండు మిల్లీమీటర్ల కార్డుబోర్డు మీద వాల్ పుట్టీ పలచగా పూసి, అది అరగంట ఆరాక మొనలేని మేకుతో రాళ్ల వరసలు గీయండి. రాళ్లన్నీ ఒకే పరిమాణంలో ఉంటే వంటింటి టైల్సులా ఉంటుంది కనుక చేతిని కాస్త తూలనివ్వాలి. ఇప్పుడు అసలు ముఖ్యమైన పని పోటు గీత. ఇక్కడ పోటుకూ పాటుకూ నీటిమట్టంలో సుమారు మీటరు తేడా ఉంటుందనుకుంటే, నీళ్లపైన 11 లేక 12 మిల్లీమీటర్ల పట్టీ గోడ పొడవునా ఒకే ఎత్తులో కనిపించాలి. ఆ పట్టీలో అడుగు భాగం దాదాపు నల్లగా, పైకి వచ్చేకొద్దీ నాచు ఆకుపచ్చగా, చివర తెల్లటి ఉప్పు చారగా తేలిపోవాలి. ఈ గీత లేని గోడ, ఎంత చక్కగా చెక్కినా, చెరువు గట్టులాగే కనిపిస్తుంది. గోడ వెంట పాత టైర్ల వరసను నల్ల వైరు పైతొడుగును ఉంగరాలుగా కోసి వేలాడదీయవచ్చు.

గోడ పక్కనే వెళ్లే సైడింగును కాంక్రీటులో పూడ్చినట్టు చూపాలి, లేకపోతే లారీ గట్టు దాకా ఎలా వచ్చిందని ఎవరైనా అడుగుతారు. పట్టా రెండు వైపులా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపి, అది ఇంకా మెత్తగా ఉండగానే ఒక పాత చక్రాల జతను ఆ పొడవునా మూడు నాలుగు సార్లు దొర్లించండి. గాడి దానంతటదే పడుతుంది. తరువాత దాన్ని 1.2 మిల్లీమీటర్ల వెడల్పుకు శుభ్రం చేయాలి. ప్లాస్టర్ పట్టా తలకన్నా అర మిల్లీమీటరు కిందే ఆగాలి. సమంగా ఉంటే పట్టాలు తుడిచిన ప్రతిసారీ సున్నం లేచి చక్రాలకు పట్టుకుంటుంది.

మిగతా సైడింగులకు కంకర కావాలి. అసలు కంకర 50 మిల్లీమీటర్లనుకుంటే నమూనాలో అర మిల్లీమీటరు దాటకూడదు. క్రషర్ డస్టును టీ వడపోసే జల్లెడలో జల్లించి వాడుకోండి. బీచి ఇసుక మాత్రం తేవద్దు. అందులోని ఉప్పు చెమ్మను లాగి పట్టాలను తినేస్తుంది, పైగా మన తీరపు నల్ల ఇసుకలో అయస్కాంతానికి అంటుకునే రేణువులుంటాయి, అవి ఇంజన్ మోటారులోకి చేరితే అంతే సంగతులు. ఏటి ఇసుకైనా మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, పైన అయస్కాంతం తిప్పి చూసుకున్నాకే వాడాలి. కంకర పరిచాక సగానికి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం వేసి, చుక్కలమందు సీసాతో వదలాలి. పట్టాలకు కరెంటు తీగలు అంతకు ముందే, ప్రతి ముక్కకూ విడివిడిగా టంకం వేసి ఉండాలి. కంకర గట్టిపడ్డాక తీగ మరిచిపోయామని గుర్తొస్తే తవ్వుకోవలసిందే.

తెర

తెరను నీళ్లకంటే ముందు పెట్టుకోవాలి, ఎందుకంటే నీటి రంగు దాన్ని బట్టి కలపాలి. మూడు మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డును మూలల్లో గుండ్రంగా వంచి, కింద బూడిదాకుపచ్చ సముద్రం, పైన తెల్లబారిన ఆకాశం వేయండి. నీళ్లూ ఆకాశమూ కలిసే గీత చూసేవారి కంటి ఎత్తులో ఉంటేనే లోతు వస్తుంది. అందుకని బల్లను నడుము ఎత్తులో కాక, కుర్చీలో కూర్చున్నవారి గడ్డం ఎత్తులో అమర్చి, గీతను నీటి మట్టానికి నాలుగంగుళాల పైన గీయడం నాకు కుదిరిన పద్ధతి.

ఓడను ఎంత గీయాలన్నదానికి లెక్క ఉంది. 180 మీటర్ల ఓడ ఐదు కిలోమీటర్ల దూరాన నిలబడి ఉందనుకోండి. తెరకు మీటరు దూరం నుంచి చూసేవారికి అది 36 మిల్లీమీటర్ల గీతంత మాత్రమే కనబడాలి. రెండు మీటర్ల ఓడ చిటికెన వేలి కన్నా చిన్నదైపోయింది! రెండో, మూడో ఓడలు వేర్వేరు పొడవుల్లో వేయండి. లంగరు మీద ఉన్న ఓడలు గాలికీ నీటి ఒరవడికీ తిరుగుతాయి కనుక అన్నింటి ముక్కులూ దాదాపుగా ఒకే వైపుకు ఉండాలి. రంగు ఆకాశం కన్నా ఒక్క ఛాయ ముదురుగా ఉంటే చాలు, నల్లగా వేస్తే అవి ముందుకు వచ్చేస్తాయి.

నీళ్లు

ఇక్కడ చాలామంది ఎపాక్సీ రెజిన్ కొంటారు. 244 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు కాలువకు మూడు మిల్లీమీటర్ల మందం పోయాలన్నా దాదాపు లీటరున్నర కావాలి. ఖర్చు అటుంచితే, డెల్టా నీళ్లలో అడుగు ఎప్పుడు కనిపించింది? ఒండ్రు కలిసిన కాలువకు గాజులాంటి లోతు పెట్టడం వృథా. పైగా గాలిలో చెమ్మ ఎక్కువగా ఉన్న రోజున పోసిన రెజిన్ పైన తెల్లటి మబ్బు కడుతుంది. ఈ సంగతి జూలైలో పోసి నేర్చుకున్నాను.

బదులుగా ప్లైవుడ్‌ను పుట్టీతో నున్నగా చేసి, దాని మీద ఒక్క పొర టిష్యూ కాగితం పరిచి, నీళ్ల ఫెవికాల్‌తో తడుపుతూ బ్రష్ కొనతో చిన్న చిన్న ముడతలు పొడవండి. అసలులో పది సెంటీమీటర్ల అల నమూనాలో మిల్లీమీటరు మాత్రమే కాబట్టి, ముడత చేతికి తగలాలే కానీ దూరానికి కంటికి ఆనకూడదు. ఆరాక రంగు వేయండి. నీలం డబ్బాను పక్కన పెట్టేసి, ముదురు గోధుమకు కొద్దిగా ఆకుపచ్చ, కొద్దిగా బూడిద కలపండి. గోడ నీడ పడేచోట ముదురుగా, మడచెట్ల వైపు మట్టిరంగుగా, తెరను తాకే చోట తెర మీది సముద్రపు రంగుగా మారాలి. చివరగా మెరిసే యాక్రిలిక్ వార్నిష్ ఐదారు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆరనిస్తూ వేయాలి. నాలుగో పూత దాకా ఇది అచ్చం నేలలాగే ఉంటుంది, నిరాశ పడవద్దు. ఐదో పూతతో తడి వస్తుంది.

బార్జీ, పడవలు

బార్జీని నేను అసలులో 30 మీటర్లనుకుని 345 మిల్లీమీటర్లకు చేశాను. అడుగు బల్లపరుపుగా, పక్కలు నిలువుగా, సరుకు గుంట తెరిచి ఉండే ఇనప పెట్టెలాంటిది కనుక కార్డుబోర్డుతోనే అవుతుంది. నీళ్లలో మునిగే భాగం కట్టనక్కర్లేదు, కానీ ఎంత మునిగిందన్నది ముందే తేల్చుకోవాలి. ఖాళీ బార్జీ ఎత్తుగా తేలుతుంది, నిండినది అంచు దాకా దిగుతుంది. ఒకటి సగం నిండినట్టు, ముక్కు వైపు కొద్దిగా లేచి, వెనక కొద్దిగా కుంగి ఉండేట్టు పెడితే కథంతా అందులోనే తెలుస్తుంది. తుప్పుకు ఇటుక పొడి, మసికి బొగ్గు పొడి, రేకుల దుమ్ముకు మిల్లు ఊక బూడిద పనికొస్తాయి. చిన్న స్పాంజి ముక్కతో అద్దితే పొరలు పొరలుగా లేచిన రంగులా కుదురుతుంది.

వేట పడవలకు కొండపల్లి బొమ్మల పొనికి చెక్క దొరికితే అంతకన్నా కావలసింది లేదు. బ్లేడుకే లొంగుతుంది, పగలదు. తొమ్మిది మీటర్ల నావ 103 మిల్లీమీటర్లు వస్తుంది. ముక్కూ వెనకా పైకి లేచే వంపు ఫొటోలో ఒకలా, కంటికి మరొకలా ఉంటుంది, అందుకే వంతెన మీద నిలబడి రాసుకున్న కొలతలు ఇక్కడ అక్కరకొస్తాయి. కోరంగి, తాళ్లరేవు వైపు కొయ్య ఓడలు కట్టిన వడ్రంగుల ప్రాంతం ఇది. 1839 తుపాను దెబ్బ తినకముందు కోరంగి పెద్ద రేవు. ఆ గుర్తుగా ఒక మూల సగం కట్టిన నావ పక్కటెముకలు నిలబెట్టాను. అగరుబత్తి పుల్లలు తెరచాప కొయ్యలకూ, పాత దోమతెర ముక్క వలలకూ సరిపోతాయి. వలను కట్టగా మడిచి పెట్టండి, పరిచి చూపితే దాని కంతలు కొలతకు ఎంత పెద్దవో బయటపడుతుంది.

గోదాము రేకులు, మడచెట్లు

ముడతల రేకులో ఒక ముడత 75 మిల్లీమీటర్ల చొప్పున ఉంటుంది, అది నమూనాలో 0.86 మిల్లీమీటర్లు. ఎం5 మరబోల్టు మరల మధ్య దూరం 0.8 మిల్లీమీటర్లు. పాత సైకిలు ట్యూబు ముక్క మీద అల్యూమినియం ఫాయిల్ పరిచి, పొడవాటి ఎం5 బోల్టును గట్టిగా నొక్కి దొర్లిస్తే సరైన ముడతలు పడతాయి. వాటిని పది అడుగుల రేకుల కొలతకు, అంటే 35 మిల్లీమీటర్లకు కోసి, ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కేలా అతికించండి. ఒకటి రెండు రేకులు గాలికి లేచినట్టు వంచి, వాటి మీద ఇటుక ముక్కలు పెట్టడం మరవొద్దు.

అవతలి గట్టున మడచెట్లు పొడుగ్గా ఉండవు, ఒకదానిలో ఒకటి కలిసిపోయి గుబురుగా ఉంటాయి. స్పాంజి తురుముకు ముదురాకుపచ్చ పట్టించి అల్లుబిల్లిగా అతికించండి. వాటిని మడచెట్లుగా నిలబెట్టేవి బురదలోంచి నిలువుగా పొడుచుకొచ్చే శ్వాసవేళ్లు. పాత పెయింటు బ్రష్ వెంట్రుకలను మూడు మిల్లీమీటర్లకు కత్తిరించి, తడి ఫెవికాల్ మీద నిలబెట్టి గుచ్చడం ఓపిక పని. ఒక అడుగు గట్టుకు నాకు రెండు సాయంత్రాలు పట్టింది. అడుగున ఒండ్రు మట్టినే వాడవచ్చు, పెనం మీద బాగా వేయించి జల్లిస్తే చాలు. ఎండబెట్టిన టీపొడిని మట్టికి బదులు వాడమనే సలహాను మన దగ్గర పాటించకండి, వానాకాలంలో బూజు పడుతుంది.

బస్తాలు, మనుషులు

యాభై కిలోల బస్తా నమూనాలో సుమారు 10 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల వెడల్పు. ఎం-సీల్ ముద్దను సన్నగా చుట్టి, ముక్కలుగా కోసి, గట్టిపడకముందే ఒకదాని మీద ఒకటి పేర్చండి. అప్పుడు కింది బస్తా పై బస్తా బరువుకు నొక్కుకుపోయినట్టు వస్తుంది. విడిగా ఆరబెట్టి పేరిస్తే సబ్బుబిళ్లల దొంతర అవుతుంది.

మనుషులు 19 మిల్లీమీటర్ల ఎత్తు. సన్న రాగి తీగను మెలిపెట్టి ఎం-సీల్ అద్ది చేసుకోవచ్చు. దుకాణంలో దొరికే కోటు బూటు మనుషులకు పంచె, తలపాగా తొడగడం కన్నా ఇదే తేలిక. ఒక ముఠాలో ఎనిమిది మంది చాలు. బస్తా నెత్తిన పెట్టుకుని వ్యాగను నుంచి బార్జీ బల్ల మీదకు నడిచేవారు నలుగురు, ఖాళీ తలతో వెనక్కి వచ్చేవారు ఇద్దరు, బస్తా ఎత్తి అందించేవారు ఇద్దరు. వెళ్లేవారి మెడ నిటారుగా, మోకాళ్లు కొద్దిగా వంగి ఉండాలి. వచ్చేవారి తువ్వాలు తల మీద నుంచి భుజానికి దిగి ఉండాలి. లెక్క రాసే గుమాస్తాను గొడుగు నీడన కూర్చోబెట్టండి. బల్ల చెక్క మీద ఇద్దరు ఎదురెదురుగా రాకూడదు, అంత వెడల్పు దానికి ఉండదు.

మనుషులను అతికించే ముందు రెండు రోజులు రైలు నడిపి చూడండి. ఇంజన్ ఆగినచోటల్లా చేయి పెట్టాలి కనుక, అతికించాక అయితే ప్రతిసారీ ఒక హమాలీ కాలువలో పడతాడు. నడక కుదిరాక, పొడి బ్రష్‌తో పట్టాలు తుడిచి, ముందు బార్జీ బల్ల మీదకు నడిచే నలుగురినీ నిలబెట్టండి. రాత్రికి పైన పలచటి పాత చీర కప్పండి, ప్లాస్టిక్ కాగితం కప్పితే లోపల చెమ్మ పట్టి వార్నిష్ జిగటబారుతుంది.